ఎవరి కథ ఎవరు చెప్పారు?
తెలుగు సాహిత్యంలో, సమాజంలో సమానత్వం: ఒక సమీక్ష

జనగామ జిల్లా పాలకుర్తిని తెలుగువాళ్లు రెండు కారణాలతో తలుచుకుంటారు. శివకవి పాల్కురికి సోమనాథుడి ఊరు అది. మార్గ కవిత్వపు మర్యాదలను పక్కనపెట్టి, జనం నోట పలికే ద్విపదలో ఆయన బసవపురాణం చెప్పాడు. చాకలివృత్తి చేసే మడివాలు మాచయ్య వంటి భక్తులను అందులో ఎంతో ఎత్తున నిలబెట్టాడు. సుమారు ఏడు వందల ఏళ్ల తర్వాత, 1940లలో, అదే పాలకుర్తిలో చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ తాను సాగు చేసిన భూమినీ, పండించిన పంటనూ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు వదలనని ఎదురు నిలిచింది. కావ్యంలో చాకలికి పూజ జరిగిన ఊళ్లోనే చాకలి మనిషి తన గింజల కోసం దొరతో తలపడాల్సి వచ్చింది.

సమానత్వం గురించి మన సాహిత్యం చెప్పుకునే గొప్పలన్నిటినీ ఈ వాస్తవం పక్కన నిలబెట్టి చూడాలి. అలా చూస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. సమానత్వం గురించి సాహిత్యం ఏం చెప్పింది అన్నది ఒకటి. దీని మీద సిద్ధాంత వ్యాసాలు, పాఠ్యాంశాలు చాలినన్ని ఉన్నాయి. ఆ సాహిత్యం రాసే హక్కు, అచ్చువేసుకునే వీలు, చదివించుకునే అదృష్టం ఎవరికి దక్కాయి అన్నది రెండోది. దీని గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. నా మటుకు రెండోదే అసలు ప్రశ్న. మొదటిదానికి దొరికే జవాబులు కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి.

భక్తి కవులు తెచ్చిన సమానత్వాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అన్నమయ్య తన కీర్తనల్లో బ్రాహ్మణుడూ చండాలుడూ నిలిచే నేల ఒక్కటేనని పాడాడు. పోతులూరి వీరబ్రహ్మం తన శిష్యులుగా దూదేకుల సిద్దయ్యనూ, మాదిగ కక్కయ్యనూ చేర్చుకున్నాడు. వేమన కులాన్ని సూటిగా ప్రశ్నించాడు. అయితే ఈ సమానత్వం చాలావరకు దేవుడి ముందు, లేదా చావు ముందు సమానత్వం. పొలంలో, బావి దగ్గర, పెళ్లిపందిట్లో అది వర్తించలేదు. వేమన పద్యాల్లోనే ఆడవాళ్లను చిన్నబుచ్చినవి ఎన్నో కనిపిస్తాయి. కులం విషయంలో తెరుచుకున్న కన్ను ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మూసుకుపోవడం మన సాహిత్యంలో ఆయనతో మొదలవలేదు, ఆయనతో ఆగిపోనూ లేదు. ఆ వేమననే పండితులు చాలాకాలం కవుల వరసలో కూర్చోబెట్టలేదు. సి.పి.బ్రౌన్ 1829లో ఆయన పద్యాలు అచ్చువేయించాక, ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు ఉపన్యసించాక గానీ విశ్వవిద్యాలయాల్లో వేమనకు పీట పడలేదు. పల్లెజనం నోటినిండా ఉన్న కవికి సాహిత్య చరిత్రలో చోటు దొరకడానికే ఇంత పట్టింది.

సంస్కరణ యుగం మీద కాసేపు ఆగాలి. ఇక్కడ మెచ్చుకోవాల్సిందీ, బాధపడాల్సిందీ ఒకే మనిషిలో కనిపిస్తాయి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. రాళ్లు పడినా, వెలి వేసినా వెనక్కి తగ్గలేదు. తెలుగు స్త్రీల చదువుకు ఆయన చేసిన మేలు కొలవలేనిది. అదే వీరేశలింగం ‘ఆంధ్రకవుల చరిత్ర’లో, పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనం’ శృంగారాన్ని అసహ్యించుకున్నారు. ఆడది రాయదగిన మాటలు కావని ఆయన తీర్పు. దీనికి బెంగుళూరు నాగరత్నమ్మ ఇచ్చిన జవాబు తెలుగు విమర్శలో బంగారంలాంటి ఘట్టం. ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టిన సంగీత విదుషి. కావ్యం అసలు ప్రతిని వెదికి పట్టుకుని 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చువేయించారు. సిగ్గు, మర్యాద ఆడవాళ్లకేనా, మగవాళ్లకు ఉండవా అని ముందుమాటలో అడిగారు. వీరేశలింగం స్వయంగా పరిష్కరించిన ‘వైజయంతీ విలాసం’లో శృంగారం ఇంతకన్నా తక్కువగా ఉందా అని నిలదీశారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

నాగరత్నమ్మ అడిగింది కావ్యంలో శృంగారం ఉండాలా వద్దా అని కాదు. ఒకే పని మగవాడు చేస్తే రసం, ఆడది చేస్తే రోత ఎలా అవుతుందని. సమానత్వం గురించిన ఏ చర్చకైనా ప్రాణం ఇక్కడే ఉంది.

అదే కాలంలో ఇంకో సంగతి మరుగున పడింది. తొలి తెలుగు కథ అనగానే గురజాడ ‘దిద్దుబాటు’ (1910) అని తరతరాలుగా పిల్లల చేత వల్లె వేయించాం. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది. ఆ కథను తిరిగి బయటికి తెచ్చి చర్చకు పెట్టడానికి పరిశోధకులు చాలా శ్రమ పడాల్సి వచ్చింది. గురజాడ గొప్పతనానికి దీనివల్ల ఏ లోటూ రాదు. కన్యాశుల్కం రాసిన మనిషి స్థానం ఒక తేదీ మీద ఆధారపడదు. ఒక స్త్రీ రాసిన కథ పత్రికలో అచ్చయి ఉండి కూడా చరిత్రకారుల కంటబడకపోవడమే మనల్ని ఆలోచనలో పడేయాలి.

ఇక కులం. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో ఉండగా రాసిన ‘మాలపల్లి’ (1922) తెలుగు నవలను ఊరి నడిబొడ్డు నుంచి వాడకు నడిపించింది. మాల రామదాసు కుటుంబం అందులో కేంద్రం. కొడుకు సంగదాసు కూలీల్ని కూడగడతాడు, చౌదరయ్య చేతిలో చనిపోతాడు. ఇంకో కొడుకు వెంకటదాసు కొండలు పట్టిపోయి తక్కెళ్ల జగ్గడుగా మారి పెద్దల్ని దోచి పేదలకు పంచుతాడు. మద్రాసు ప్రభుత్వం నవలను నిషేధించిందంటే దాని పదును తెలుస్తుంది. కూలి గింజల కొలతల్లో జరిగే మోసం, సెటిల్మెంటు జైళ్ల జీవితం, వాడలో వాడే మాట, తిట్టు, పాట ఇంత వివరంగా అంతకుముందు తెలుగు నవలలో లేవు.

మరి ఈ నవల మీద దళిత విమర్శకులు తర్వాత లేవనెత్తిన అభ్యంతరం ఏమిటి? రామదాసు వైష్ణవ భక్తుడు, శాంతమూర్తి, వేదాంతం తెలిసినవాడు. మాల మనిషి గౌరవానికి అర్హుడని పైకులాల పాఠకుణ్ణి ఒప్పించాలంటే, అతణ్ణి ఆ పాఠకుడికి నచ్చే ఆచారాల్లో చూపించాల్సి వచ్చింది. ఈ అభ్యంతరం న్యాయమైనదే. ఉన్నవ చిత్తశుద్ధిని శంకించడానికి మాత్రం ఇది చాలదు. ఒకరి తరఫున ఎంత ప్రేమతో మాట్లాడినా, మాట్లాడేవాడి ఇంటి అలవాట్లు ఆ మాటలోకి వచ్చి చేరతాయి. ‘మాలపల్లి’ ఎంత గొప్ప నవలో, ఆ పరిమితికి అంత స్పష్టమైన ఉదాహరణ కూడా.

వాడ నుంచి సొంతగొంతు అప్పటికే లేచింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన 1917లో బెజవాడలో ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడిన రోజుల్లోనే రాజమండ్రి ఆయుర్వేద వైద్యుడు కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. తెల్లవాడు వెళ్లిపోయాక మా మెడ మీద కాలు ఎవరిది ఉంటుందని స్వాతంత్ర్యోద్యమాన్ని దాని నడిమధ్యలో నిలబడి అడిగారాయన. గరిమెళ్ల పాట పాఠశాల పిల్లలందరికీ తెలుసు. ధర్మన్న పేరు దళిత సాహిత్య విద్యార్థులకు తప్ప ఎవరికి తెలుసు?

జాషువ దగ్గర ఇంకొంచెం నిలబడతాను. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ సందేశ కావ్యం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు, నలుడి కథలో హంస రాయబారం నడిపింది. జాషువ కథానాయకుడు అరుంధతీసుతుడు, అంటరానివాడు. అతను తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవాలి. గుడిలోకి అతన్ని రానివ్వరు. గబ్బిలాన్ని మాత్రం ఎవరూ ఆపరు. ఇంట్లోకి వస్తే అశుభమని తరిమే ఆ జీవి గర్భగుడి కప్పుకు వేలాడుతూ దేవుడి చెవికి దగ్గరగా ఉండగలదు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదన్న మాటను జాషువ ఉపన్యాసంలా చెప్పలేదు. దూతను ఎంచుకోవడంలోనే చెప్పేశారు. పైగా పండితులు తమదనుకున్న పద్యాన్ని, వాళ్లకన్నా నిండుగా, ధారగా నడిపించి చూపించారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగి గౌరవించిన మాట నిజమే. అదే కవి పుట్టిన వినుకొండలోనూ, బయటా, బతికినన్నాళ్లూ కులం పేరుతో అవమానాలు పడ్డ మాటా నిజమే. ఆయన ఆత్మకథ ‘నా కథ’ నిండా ఆ గాయాలున్నాయి. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు వచ్చింది. నాకు మాత్రం ‘గబ్బిలం’ ముందు ఆ శతాబ్దపు పద్యకావ్యాలు చాలావరకు వెలవెలబోతాయి.

అభ్యుదయ సాహిత్యం శ్రమకు గౌరవం తెచ్చింది. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’, తెలంగాణ పోరాటపు పాటలు, ‘మా భూమి’ నాటకం కూలిమనిషిని కథకు నాయకుణ్ణి చేశాయి. ఇంత చేసిన సాహిత్యం కులాన్ని వర్గంలో కలిపేసి, వర్గం పోతే కులమూ పోతుందన్న ధీమాతో ఉండిపోయింది. ఆడవాళ్ల విషయంలోనూ అంతే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవని వాళ్లు తప్పక చదవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న చరిత్ర అది. తుపాకి పట్టి అడవుల్లో తిరిగిన మనుషులకు, పోరాట విరమణ తర్వాత తిరిగి వంటింటికి వెళ్లాల్సి రావడం ఎలా ఉంటుందో అందులో వాళ్ల మాటల్లోనే ఉంటుంది. చదువు రాని వాళ్లు కూడా చరిత్రకారులు కాగలరని ఆ పుస్తకం రుజువు చేసింది.

1985 జూలై 17న కారంచేడు ఊళ్లో దళితుల మీద దాడి జరిగింది. ముందురోజు మాదిగపల్లె మంచినీళ్ల చెరువులో పైకులపు యువకులు పశువుల కుడితి నీళ్లు కలుపుతుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డు చెప్పింది. మర్నాడు పల్లె మీద పడ్డ దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. బతికినవాళ్లు చీరాల చేరారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా దాని వెనక ఉంది. తెలుగు సాహిత్యం ఈ రెండు ఊళ్ల దగ్గర మలుపు తిరిగింది. సోమనాథుడి నుంచి శ్రీశ్రీ దాకా ఎవరో తమ తరఫున మాట్లాడటాన్ని విన్నవాళ్లు, ఇక మా మాట మేమే చెప్పుకుంటామన్నారు.

ఆ మలుపుకు నెత్తురుతో పాటు ఇంకో కారణం ఉంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో నీళ్లచారు తిని చదువుకున్న తొలితరం అప్పటికి కాలేజీల్లోకి, ఉద్యోగాల్లోకి వచ్చింది. కలం పట్టే చేతులు తయారయ్యాయి. సమానత్వం గురించి రాసే వాళ్లంతా గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఒక హాస్టలు గది, ఒక స్కాలర్‌షిప్పు లేకపోతే ఎన్ని కావ్యాలు పుట్టకుండా పోయేవో!

తొంభైల్లో, ఆ వెంటనే వచ్చిన పంట పెద్దది. ‘చిక్కనవుతున్న పాట’ (1995), ‘పదునెక్కిన పాట’ (1996) సంకలనాలు దళిత కవిత్వాన్ని ఒక్కచోటికి తెచ్చాయి. సతీష్ చందర్, మద్దూరి నగేష్‌బాబు, ఎండ్లూరి సుధాకర్ ఎవరి గొంతుతో వాళ్లు రాశారు. సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ జాషువకు వారసత్వమూ, జవాబూ రెండూ అయింది. నాగప్పగారి సుందర్రాజు ‘మాదిగోడు’ కథలు, వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల మాటతీరునే మార్చేశాయి. గిడుగు వ్యావహారికం కోసం పోరాడి గెలిచారు గానీ, పత్రికల్లో స్థిరపడిన వ్యావహారికం కోస్తా చదువరుల మాటే. నల్లగొండ మాదిగవాడ మాట్లాడే తెలుగు నవల పొడుగునా కనిపించేసరికి అర్థం కాలేదన్నవాళ్లున్నారు. ప్రబంధం అర్థం కాకపోతే నిఘంటువు తీస్తాం. వాడ తెలుగుకు అంత ఓపిక ఎందుకు చూపం?

2000లో వచ్చిన జి.కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నా లెక్కలో ‘మాలపల్లి’కి అసలైన జవాబు. రూతు అనే ముసలామె జ్ఞాపకాల్లో తరాల కథ కదులుతుంది. ఎల్లన్న అనే పాటగాడు, ఆటగాడు అందులో ప్రాణం పోసుకుంటాడు. చరిత్ర ఎక్కడా అతని పేరు రాయదు. పాట కట్టినవాడు, డప్పు వాయించినవాడు, ఆట ఆడినవాడు లేకుండా రాసిన కళల చరిత్ర ఏం చరిత్ర అని నవల నిలదీస్తుంది. ఇందులోని మనుషులు ఎవరికీ నచ్చేలా ఉండాల్సిన అవసరం లేదు. వాళ్లు వాళ్లలాగే ఉంటారు.

సొంతగొంతుల్లోనూ హెచ్చుతగ్గులుంటాయని ఆ కాలమే నేర్పింది. ‘నీలి మేఘాలు’ స్త్రీవాద కవిత్వం ఇంటి గోడల లోపలి హింస గురించి బాహాటంగా మాట్లాడింది. ఓల్గా ‘స్వేచ్ఛ’ ఇళ్లలో గొడవలు రేపింది, రేపాల్సిందే. అయినా కూలికి పోయే ఆడమనిషికి ఇంటి గోడ ఒక్కటే సంకెల కాదని దళిత స్త్రీలు చెప్పారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ (2003), జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి, వినోదిని రచనలు ఆ లోటు పూడ్చాయి. దళిత పురుషుల రచనల్లో తాము ఎక్కడున్నామనీ వీళ్లు నిర్మొహమాటంగా అడిగారు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), ‘జల్‌జలా’ (1998) సంకలనం, షాజహానా ‘నఖాబ్’ ముస్లిం గొంతును వినిపించాయి. ఈ మధ్య బంజారా తండాల జీవితం రాసిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. దీన్నంతా చూసి సాహిత్యం ముక్కలైపోతోందని బాధపడే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. నూటికి తొంభైమంది బయట ఉన్నప్పుడు ఏకంగా ఉన్నట్టు కనిపించిన సాహిత్యం ఎప్పుడూ ఏకంగా లేదు.

ఇక సమాజం సంగతి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించారు: రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నామని. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కారంచేడు తర్వాత నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఎనిమిది మంది చనిపోయారు, చంపినవాడు లేడు. మాదిగ దండోరా 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలుపెట్టిన ఎస్సీ వర్గీకరణ పోరాటానికి ముప్పై ఏళ్లకు, 2024 ఆగస్టు 1న, సుప్రీంకోర్టు దారి ఇచ్చింది. అణగారినవాళ్లలోనూ మరింత అణగారినవాళ్లు ఉంటారన్న మాట ‘మాదిగోడు’ కథల్లో 1997లోనే ఉంది. కోర్టుకన్నా కథ ముందు నడిచింది.

అలాగని సాహిత్యం సమాజాన్ని మార్చేస్తుందన్న భ్రమ నాకు లేదు. ‘గబ్బిలం’ వచ్చి ఎనభై ఏళ్లు దాటింది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఇప్పటికీ మొదట కనిపించేది కులమే. అయితే సాహిత్యం ఒక పని మాత్రం ఖాయంగా చేస్తుంది. జరిగింది జరగలేదని ఎవరూ అనలేకుండా చేస్తుంది. కోర్టు తీర్పు కొట్టేసిన చోట కూడా చుండూరు మీద రాసిన కవిత్వం సాక్ష్యంగా నిలిచే ఉంది.

ఆ సాక్ష్యం నిలవాలంటే పుస్తకం నిలవాలి. నేను పైన పేర్కొన్న సంకలనాల్లో చాలా వాటికి నేడు అంగట్లో ప్రతులు దొరకవు. ‘నల్లపొద్దు’ కోసం, ‘జల్‌జలా’ కోసం పరిశోధక విద్యార్థులు ఇల్లిల్లూ తిరగాల్సిన పరిస్థితి రాకూడదు. పాఠ్యప్రణాళికలు రాసే పెద్దలారా, జాషువను ఒక పద్యంతో సరిపెట్టకండి. ‘గబ్బిలం’లో ఒక భాగమైనా పూర్తిగా చెప్పించండి. ధర్మన్ననూ, అచ్చమాంబనూ పాఠంలోకి తీసుకురండి. ప్రచురణకర్తలారా, ఈ పుస్తకాలను మళ్లీ అచ్చువేయండి. మీ ఇంట్లో పాత ప్రతి ఉంటే దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికో, సంక్షేమ హాస్టలుకో ఇవ్వండి. చదివే పిల్లలు అక్కడున్నారు.